ఆరని బ్రేక్ లైటు: పాత స్పోర్ట్స్ కారులో లోపం పట్టడానికి స్కానర్ మేలా, మల్టీమీటర్ మేలా?

ప్యాడ్లు కొత్తవే. బ్రేక్ ఆయిల్ నిండుగా ఉంది. పెడల్ గట్టిగానే తగులుతోంది. అయినా డ్యాష్‌బోర్డు మీద బ్రేక్ లైటు ఆరదు. ఇరవై, ముప్పై ఏళ్ల స్పోర్ట్స్ కారు నడిపేవాళ్లలో చాలామందికి ఈ టెన్షన్ బాగా తెలుసు. అప్పుడు మన ముందు నాలుగు దారులుంటాయి: అనుమానం వచ్చిన పార్టు మార్చేయడం, స్కానర్ పెట్టి కారు కంప్యూటర్‌లో నమోదైన లోపం కోడు చదవడం, వోల్టులూ ఓంలూ కొలిచే మల్టీమీటర్ పట్టుకుని ఒక్కో వైరూ కొలవడం, ఆ మోడల్ బాగా తెలిసిన నిపుణుడికి అప్పగించడం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఎక్కడ వెతకాలో స్కానర్ చెబుతుంది. అక్కడ ఏది పోయిందో మల్టీమీటర్ తేలుస్తుంది. ఈ రెండూ అయ్యాకే పార్టు కొనాలి. అయితే ఈ రెండిట్లో ముందు ఏది చేతిలోకి తీసుకోవాలన్నది వెలిగిన లైటు ఏ రంగుదో, కారు ఏ కాలానిదో చూశాక తేలుతుంది.

దానికంటే ముందు ఒక జాగ్రత్త. ఎర్ర లైటు వెలుగుతూ పెడల్ కిందికి దిగిపోతున్నా, ఆయిల్ మట్టం తగ్గుతూ వస్తున్నా కారు కదపకండి. అప్పుడు పరీక్షలన్నీ కారు ఆగి ఉన్నచోటే జరగాలి. పసుపు ఏబీఎస్ (చక్రాలు తిరగడం ఆగి జారిపోకుండా చూసే వ్యవస్థ) లైటు ఒక్కటే వెలిగితే మామూలు బ్రేకులు సాధారణంగా పనిచేస్తూనే ఉంటాయి, కానీ గట్టిగా తొక్కినప్పుడు చక్రాలు లాక్ కావచ్చు. తడి రోడ్డు మీద ఆ తేడా చాలా పెద్దది. రెండు లైట్లూ కలిసి వెలిగితే ముందు వెనక చక్రాల మధ్య బ్రేక్ బలాన్ని పంచే వ్యవస్థ కూడా ఆగిపోయి ఉండవచ్చు. వెనక చక్రాలు ముందుగా లాకైతే కారు తిరిగిపోతుంది కాబట్టి దాన్ని ఎర్ర లైటంత సీరియస్‌గానే తీసుకోవాలి.

ఎర్ర లైటు ఒక్కటే అయితే

ఇక్కడ స్కానర్ కంటే కళ్లు, చేతులే మేలు. పాత కార్లలో ఎర్ర లైటు వెనక ఉండేవి చాలావరకు మామూలు స్విచ్‌లు. వాటికి కంప్యూటర్‌తో పనే లేదు, కాబట్టి కోడు కూడా ఎక్కడా నమోదు కాదు. హ్యాండ్‌బ్రేక్ లివర్‌ను కొంచెం పైకీ కిందికీ ఆడించి చూడండి. లైటు మినుకుమంటే లివర్ కింద ఉన్న స్విచ్ సర్దాలి. అక్కడ తేడా లేకపోతే బ్రేక్ ఆయిల్ డబ్బా మూత దగ్గరి కనెక్టర్ పీకండి. చాలా కార్లలో వెంటనే లైటు ఆరుతుంది. ఆయిల్ నిండుగా ఉన్నా అలా ఆరిందంటే లోపలి ఫ్లోట్ ఏళ్ల తరబడి ఆయిల్ పీల్చి మునిగిపోయిందన్నమాట. ఈ రెండు పరీక్షలకూ పట్టేది కొన్ని నిమిషాలే, ఖర్చు ఏమీ లేదు.

1960ల చివర నుంచి 1970ల వరకు వచ్చిన బ్రిటిష్ స్పోర్ట్స్ కార్లలో, ఉదాహరణకు ట్రయంఫ్ టీఆర్6లో, ఇంకో విచిత్రం ఉంటుంది. ముందు, వెనక బ్రేక్ లైన్ల పీడనం సమానంగా ఉందో లేదో చూడటానికి మధ్యలో ఒక చిన్న పిస్టన్ ఉంటుంది. ఒక లైనులో పీడనం పడిపోతే అది పక్కకు జరిగి స్విచ్ నొక్కుతుంది. బ్రేకుల్లోంచి గాలి తీసేటప్పుడు కూడా అదే జరుగుతుంది, చాలాసార్లు ఆ పిస్టన్ తిరిగి మధ్యకు రాదు. బ్రేకులు బాగుంటాయి, లైటు మాత్రం వెలుగుతూనే ఉంటుంది. పెడల్ తొక్కుడును పీడనంగా మార్చే మాస్టర్ సిలిండర్ పోయిందనుకుని కొత్తది వేసినా ఫలితం ఉండదు. ఎదుటి లైను బ్లీడర్ (గాలి తీసే స్క్రూ) తెరిచి పెడల్‌ను నెమ్మదిగా నొక్కుతూ పిస్టన్‌ను మధ్యకు తేవాలి. ఏ స్కానరూ ఈ సంగతి చెప్పలేదు.

పాత నిస్సాన్ జెడ్ కార్లలో బ్యాటరీ లైటు, బ్రేక్ లైటు జంటగా వెలిగితే మొదట చూడాల్సింది బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్‌నే. ఇంజిన్ ఆన్‌లో ఉండగా బ్యాటరీ దగ్గర సుమారు 13.5 నుంచి 14.5 వోల్టులు ఉండాలి. ఒక్క కొలతతో విషయం తేలిపోతుంది.

ప్యాడ్ అరుగుదల లైటును కూడా చాలామంది బ్రేక్ లోపం అనుకుంటారు. బీఎండబ్ల్యూ ఈ46లో ముందు ఎడమ, వెనక కుడి చక్రాల దగ్గర ఈ సెన్సర్లు ఉంటాయి. పోర్షే 986, 996లలో నాలుగు చక్రాలకూ ఉంటాయి. లోపల ఉండేది ఒక తీగ చుట్టు, అంతే. డిస్కుకు రాసుకుని అది తెగిందంటే ప్యాడ్లు మార్చినా లైటు ఆరదు, సెన్సరూ మార్చాలి.

ఏబీఎస్ లైటైతే: అన్ని స్కానర్లూ ఒకటి కావు

అమెరికాలో 1996 మోడళ్ల నుంచి, యూరప్‌లో 2001 నుంచి పెట్రోలు కార్లకు ఓబీడీ ప్లగ్గు (స్కానర్ తగిలించే చోటు) తప్పనిసరి అయింది. దాంతో ఆ ప్లగ్గుకు ఏ చవక రీడర్ తగిలించినా అన్నీ చెప్పేస్తుందని ఒక నమ్మకం ఏర్పడింది. కానీ ఆ నియమం వచ్చింది పొగ కాలుష్యం కోసం. మామూలు రీడర్ చదివేది ఇంజిన్ కోడ్లు. ఏబీఎస్ కోడ్లు సీ అక్షరంతో మొదలవుతాయి, ఒక్కో కంపెనీ కంట్రోల్ మాడ్యూల్‌తో (ఏబీఎస్‌ను నడిపే చిన్న కంప్యూటర్‌తో) ఒక్కో భాషలో మాట్లాడాలి. అందుకే ఏబీఎస్ లైటు వెలుగుతుండగానే ‘కోడ్లు ఏమీ లేవు’ అని చవక రీడర్ చూపిస్తుంది. దాన్ని నమ్మి లైటు ఊరికే వెలుగుతోందనుకోవడం ప్రమాదం. బ్రేక్ పనికి ఈ రీడర్ అక్కరకు రాదు, కొనకండి.

ఏబీఎస్ కూడా చదివే స్కానర్, అందులోనూ ఆ బ్రాండు కోసమే చేసినది, వేరే సంగతి. దానికి నేను ఎక్కువ మార్కులు వేసేది కోడ్ల కోసం కాదు, లైవ్ డేటా కోసం. పక్కన ఒకరిని కూర్చోబెట్టి, ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా నడుపుతుంటే నాలుగు చక్రాల వేగాలూ తెర మీద కనిపిస్తాయి. మూడు 20 చూపిస్తుండగా నాలుగోది సున్నా చూపిందా, లేక ఆగబోయే ముందు ఒక్కసారిగా పడిపోయిందా అన్నది ఆ పక్కనున్నవారు కళ్లారా చూడొచ్చు. ఆగే ముందు పెడల్ కింద గరగరమంటూ ఏబీఎస్ అనవసరంగా పనిచేసే కార్లలో ఈ చివరి దృశ్యమే ఎక్కువగా కనిపిస్తుంది. సాధారణంగా చక్రంతో పాటు తిరుగుతూ సెన్సర్‌కు వేగం తెలిపే పళ్ల రింగు పగిలి ఉంటుంది, లేదా రింగు కింద తుప్పు ఉబ్బి సెన్సర్‌కూ దానికీ మధ్య దూరం మారి ఉంటుంది.

కోడు మాత్రం జాగ్రత్తగా చదవాలి. సీ0035 అంటే ముందు ఎడమ చక్రం వేగ సెన్సర్ ‘సర్క్యూట్’. ఆ సర్క్యూట్‌లో సెన్సర్, వైరు, కనెక్టర్, చివర మాడ్యూల్ అన్నీ ఉన్నాయి. కోడు చూసి నేరుగా సెన్సర్ ఆర్డరు పెట్టేవాళ్లు స్కానర్ కొన్నా ఇంకా ఊహ మీదే నడుస్తున్నట్టు.

స్కానర్ ప్లగ్గే లేని కార్లు ఉన్నవాళ్లు దిగులు పడక్కర్లేదు. 1990ల టొయోటా సుప్రా, ఎంఆర్2 లాంటివాటిలో డయాగ్నోసిస్ కనెక్టర్‌లోని టీసీ, ఈ1 పిన్నులను చిన్న తీగతో కలిపితే హెచ్చరిక లైటే మెరుస్తూ కోడు చెబుతుంది. మీ మోడల్ మాన్యువల్‌లో పిన్నులు సరిచూసుకునే కలపండి. 1997–2004 సీ5 కార్వెట్‌లో అయితే తీగ కూడా అక్కర్లేదు. ఇగ్నిషన్ ఆన్ చేసి, డ్యాష్ మీద మెసేజ్‌లు క్లియర్ చేసి, ఆప్షన్స్ బటన్ పట్టుకుని ఫ్యూయల్ బటన్‌ను నాలుగుసార్లు నొక్కితే ఏబీఎస్‌తో సహా అన్ని మాడ్యూళ్ల కోడ్లూ వరసగా వస్తాయి. ఈ కార్లకు కోడ్ల కోసమే స్కానర్ కొననవసరం లేదు.

పరికరం ఏదీ లేకపోయినా లైటు ఎప్పుడు వెలుగుతోందో గమనించండి. ఇగ్నిషన్ తిప్పగానే వెలిగి అసలు ఆరకపోతే తెగిన వైరు, ఫ్యూజు, రిలే, మాడ్యూల్ లాంటి కరెంటు లోపాలను అనుమానించాలి. మొదట ఆరి, కారు కొంచెం వేగం అందుకున్నాక వెలిగితే సెన్సర్ సిగ్నల్ సరిగా లేదని అర్థం: రింగు, దూరం, బేరింగ్ వదులు, కొత్తగా వేసిన తప్పు సైజు టైర్లు. ఇంజిన్ బాగా వేడెక్కాకే వెలిగి, చల్లబడ్డాక మాయమైతే మాడ్యూల్ లోపలి అతుకుల వైపు చూడాలి.

మల్టీమీటర్ గెలిచే చోటు

మల్టీమీటర్‌తో కొలవాల్సింది చక్రం దగ్గర కాదు, మాడ్యూల్ కనెక్టర్ దగ్గర. ఇగ్నిషన్ ఆపి, కనెక్టర్ తీసి, ఆ చక్రానికి వెళ్లే రెండు పిన్నుల మధ్య కొలిస్తే సెన్సర్‌తో పాటు దారి పొడవునా ఉన్న వైరు కూడా పరీక్షకు వస్తుంది. పాత రకం అయస్కాంత సెన్సర్లు చాలావరకు సుమారు 800 నుంచి 2,500 ఓంల మధ్య చూపిస్తాయి. అంకె కంటే ఎడమ, కుడి సెన్సర్ల మధ్య పోలికే ముఖ్యం. తర్వాత మీటరును ఏసీ వోల్టుల్లో పెట్టి, స్టాండు మీద లేపిన చక్రాన్ని సెకనుకు ఒక చుట్టు చొప్పున చేత్తో తిప్పితే పదో వంతు వోల్టు దరిదాపులో రావాలి. కొలుస్తూనే స్టీరింగ్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పించండి, వైరును కదిలించండి. అంకె ఎగిరిపడితే లోపల తెగిన వైరు దొరికినట్టే.

ముందు సెన్సర్ పీకి చూద్దామన్న ఆలోచన మాత్రం వద్దంటాను. పాత కార్లలో అది హబ్‌లో తుప్పుతో బిగుసుకుపోయి, బాగున్నది కూడా విరిగి బయటికొస్తుంది. పనిచేసే సెన్సర్‌ను పోగొట్టుకున్నాక అసలు లోపం వైరులో ఉందని తేలితే ఎంత బాధ!

2000 తర్వాతి కార్లలో చాలావాటికి యాక్టివ్ సెన్సర్లు వచ్చాయి. అవి కరెంటు తీసుకుని, సుమారు 7, 14 మిల్లీ ఆంపియర్ల మధ్య మారుతూ సిగ్నల్ ఇస్తాయి. వీటిని ఓంలలో కొలిస్తే ఏమీ తెలియదు, పైగా పాడయ్యే అవకాశం ఉంది. ఇక్కడ మీటరు పని సెన్సర్‌కు వోల్టేజి అందుతోందా అని చూడటం వరకే, మిగతాది లైవ్ డేటాకు వదిలేయాలి. ఈ సెన్సర్లున్న చాలా కార్లలో బేరింగ్ సీలులోనే అయస్కాంతపు రింగు ఉంటుంది. బేరింగ్‌ను తిరగేసి బిగిస్తే సెన్సర్‌కు ఏమీ కనిపించదు. కొత్త బేరింగ్ వేసిన మరుసటి రోజే లైటు వెలిగితే మొదటి అనుమానం దాని మీదే.

మీటరుతో తేలే మరో పెద్ద విషయం ఎర్తింగ్, అంటే కరెంటు కారు లోహం గుండా బ్యాటరీకి తిరిగి చేరే దారి. సీ5 కార్వెట్‌లో బాగా పేరుమోసిన కోడు సీ1214. మాడ్యూల్ పోయిందని ఈ కోడు చూసి తీర్మానించేస్తారు. కొన్ని కార్లలో నిజంగా మాడ్యూల్ లోపలి రిలే అతుకే పగిలి ఉంటుంది, కొన్నిట్లో దాని దగ్గర ఫ్రేముకు బిగించిన ఎర్త్ తుప్పుపట్టి ఉంటుంది. లోడు ఉన్నప్పుడు (కరెంటు పారుతున్నప్పుడు) ఎర్త్ వైరు రెండు చివరల మధ్య 0.1 వోల్టు కంటే ఎక్కువ కనిపిస్తే ముందు ఆ బోల్టు విప్పి, లోహం మెరిసేదాకా గీకి బిగించాలి. 2001–04 సీ5 మాడ్యూల్‌ను కంపెనీ కొత్తగా అమ్మడం మానేసింది కాబట్టి ఈ గీకుడు పని విలువ ఇంకా ఎక్కువ.

నిపుణుడు, మాడ్యూల్

అప్పుడప్పుడూ మాత్రమే వచ్చే లోపానికి సిగ్నల్‌ను అలలుగా తెర మీద చూపే ఆసిల్లోస్కోపు ఉన్న నిపుణుడే మేలు. పళ్ల రింగులో ఒక్క పన్ను విరిగినా తెర మీద అలల వరసలో ఆ ఖాళీ కనిపిస్తుంది, మల్టీమీటరు సగటు తీసి దాన్ని దాచేస్తుంది. 1980ల చివరి కార్లలో కొన్నిటికి తొక్కుడు బలాన్ని పెంచే బ్రేక్ బూస్టర్ బదులు అధిక పీడనపు పంపు, ఆ పీడనాన్ని నిల్వ చేసే అక్యుములేటర్ ఉండేవి. వాటిలో పీడనం పేరుకోకపోతే ఎర్ర, పసుపు లైట్లు రెండూ వెలిగే ఉంటాయి. ఆ వ్యవస్థ తెలియనివాళ్లు దాని జోలికి వెళ్లకూడదు. ఇగ్నిషన్ ఆపి పెడల్‌ను కనీసం 25 సార్లు గట్టిగా తొక్కి పీడనం దించకుండా పైపు విప్పితే ఆయిల్ విపరీతమైన బలంతో చిమ్ముతుంది.

వైరు, ఎర్త్, సెన్సర్, రింగు అన్నీ బాగున్నాయని తేలి, చివరికి మాడ్యూలే మిగిలితే మూడు దారులు: కొత్తది కొనడం, వాడినది తేవడం, మీ కారుదాన్నే బాగుచేయించడం. నేను మూడోదాన్నే ఎంచుకుంటాను. పాత మోడళ్లకు కొత్తది తరచూ దొరకదు. వాడినది తెస్తే అదే వయసు, అదే వేడి తిన్న అతుకులు, అదే జబ్బు రేపు దానికీ రావచ్చు. పైగా పార్టు నంబరు సరిగ్గా కలవాలి, చాలా కార్లలో మళ్లీ కోడింగ్ (ఆ కారుకు తగ్గ సెట్టింగులు) చేయాలి. 1990ల చివర చాలా యూరోపియన్ కార్లలో వచ్చిన బాష్ 5.3 తరహా మాడ్యూళ్లలో పోయేది లోపలి సన్నటి తీగల అతుకులు. ఆ పని తెలిసినవాళ్లు అతుకులు మళ్లీ వేసి పంపుతారు, మీ కారు కోడింగ్ అందులో అలాగే ఉంటుంది. చాలా డిజైన్లలో ఎలక్ట్రానిక్ భాగం కొన్ని స్క్రూలతో పంపు దిమ్మ నుంచి విడిపోతుంది. బ్రేక్ పైపులు విప్పక్కర్లేదు, గాలి తీసే పనీ ఉండదు. పంపు దిమ్మ కూడా విప్పాల్సిన కారైతే, బ్లీడింగ్ సమయంలో ఏబీఎస్ పంపును తిప్పగల స్కానర్ ఉందో లేదో ముందే చూసుకోండి. అది లేకుండా దిమ్మలో చిక్కిన గాలి పూర్తిగా రాకపోవచ్చు, లైటు ఆరినా పెడల్ మెత్తగానే ఉంటుంది.