అనుకోని బిడ్డ, ఒప్పుకోని తండ్రి: మధ్యలో మాయమయ్యే ఐదేళ్లు

ఈ తరహా ప్రేమకథల మీద నాకున్న కోపమంతా ఒక్క వాక్యం మీదే. కడుపుతో ఉన్న నాయిక ఎవరికీ చెప్పకుండా పెట్టె సర్దుకుని రాత్రి బస్సెక్కుతుంది, ఆ భాగం అక్కడ ముగుస్తుంది, తరువాతి భాగం తెరవగానే మొదటి వరుసలో ‘ఐదేళ్ల తరువాత’ అని కనిపిస్తుంది. అప్పటికి బిడ్డకు తండ్రి కళ్లు, తండ్రి సొట్టబుగ్గ, తండ్రి మొండితనం అన్నీ వచ్చేసి ఉంటాయి. విమానాశ్రయంలోనో, ఆఫీసు లిఫ్టులోనో ఆ పిల్లవాడు నేరుగా వెళ్లి ఆయన కాళ్లకు చుట్టుకుంటాడు, ఆయన గుండెలో ఏదో కదులుతుంది. తండ్రి కావడం ఇష్టంలేని మనిషి తండ్రిగా మారడమే ఈ కథలకు ప్రాణమని రాసేవారూ చదివేవారూ ఒప్పుకుంటారు. అలాంటప్పుడు ఆ మార్పు జరగవలసిన కాలాన్నే కత్తిరించేసి, ఆ చోట ఒక పుట్టుమచ్చను పెట్టి సరిపుచ్చడం ఏం న్యాయమో ఇన్నేళ్లు చదివినా నాకు అంతుపట్టలేదు.

ఇన్నేళ్లు అని ఊరికే అనడం లేదు. నర్సింగ్ చదివే రోజుల్లో విజయవాడ లెనిన్ సెంటర్‌లోని పాత పుస్తకాల దుకాణాల్లో మిల్స్ అండ్ బూన్ వారి ఇంగ్లీషు ప్రేమ నవలలు కొని, చదివి, మళ్లీ అక్కడే తక్కువ ధరకు ఇచ్చేసేదాన్ని. ఇప్పుడు నవజాత శిశువుల వార్డులో పనిచేస్తూ, రాత్రి డ్యూటీ విరామాల్లో ఫోనులో తెలుగు ధారావాహికలు చదువుతున్నాను. తక్కువ బరువుతో పుట్టిన పిల్లలకు రెండేసి గంటలకు పాలు పట్టాలి. పాలు పట్టి, చార్టు రాసి, చేతులు కడుక్కున్నాక దొరికే కాస్త సమయానికి ఒక భాగం సరిగ్గా సరిపోతుంది. కోటీశ్వరుడు, ఒప్పంద వివాహం, అపార్థం, అత్తింటి కుట్ర వంటివి అందరికీ తెలిసినవే కనుక వాటి జోలికి వెళ్లడం లేదు. వాటి మీద నాకు పెద్దగా ఫిర్యాదు కూడా లేదు, నిజానికి కొన్నిటి మీద ఇష్టమే ఉంది.

ఇలా ఐదేళ్లు దూకేసే అలవాటు ఎందుకు పుట్టిందో కొంత ఊహించగలను. లండన్‌లో 1908లో మొదలై, 1971లో కెనడా వారి హార్లెక్విన్‌లో కలిసిపోయిన మిల్స్ అండ్ బూన్ తరహా చిన్న నవలకు దాదాపు 50 వేల పదాల కొలత ఉంటుంది. అందులో నాయికా నాయకులు వీలైనంతసేపు ఒకే గదిలో ఉండాలి. బిడ్డను దాచిన తల్లీ, సంగతి తెలియని తండ్రీ వేర్వేరు ఊళ్లలో ఉన్న కాలాన్ని అంత చిన్న పుస్తకంలో చూపించడం మొదలుపెడితే ప్రేమకు చోటే మిగలదు. అందువల్ల ఆ రచయిత్రులు కాలాన్ని మింగేయడంలో ఒక లెక్క ఉంది, దాన్ని నేను మన్నిస్తాను. మన ఫోను ధారావాహికకు అలాంటి హద్దు ఏదీ లేదు. నూరు భాగాలు దాటినా ఎవరూ ఆపమనరు. నాయిక చీర రంగుకు ఒక పేరా, నాయకుడి కారుకు రెండు పేరాలు దొరుకుతాయి గాని, బిడ్డ పుట్టిన మొదటి నెలన్నరకు ఒక్క భాగం దొరకదు.

ఆ నెలన్నర గురించి నాకు కొంత తెలుసు కనుక ఈ బాధ ఎక్కువేమో. కథల్లో తండ్రిని కరిగించే దృశ్యం ఎప్పుడూ ఒకటే: పసిబిడ్డ ఆయన వేలు పట్టుకుంటుంది. పుట్టిన ప్రతి బిడ్డా అరచేతికి ఏది తగిలినా అలాగే పట్టుకుంటుంది. తండ్రి వేలైనా, నా వేలైనా, దుప్పటి అంచైనా దానికి ఒకటే, అయిదారు నెలలకు ఆ పట్టు దానంతటదే పోతుంది. మనిషి ముఖం చూసి నవ్వే నవ్వు ఆరు వారాల ప్రాంతంలో గాని రాదు. కారణం తెలియని సాయంత్రపు ఏడుపు కూడా దాదాపు ఆ ఆరో వారానికే హెచ్చి, మూడు నాలుగు నెలలకు సద్దుమణుగుతుంది. తొలివారంలో బిడ్డ బరువు తగ్గుతుంది, రెండో వారానికి గాని పుట్టినప్పటి బరువుకు తిరిగి రాదు, ఈలోగా ఇంట్లో అందరూ తల్లి పాలను అనుమానిస్తారు. అంటే మొదటి ఆరు వారాలూ తండ్రి ఇవ్వడమే తప్ప తిరిగి పుచ్చుకునేది ఏమీ ఉండదు. ఇష్టంలేని తండ్రికి ఇంతకంటె కఠినమైన పరీక్ష, రచయితకు ఇంతకంటె మంచి సరుకు ఇంకెక్కడ దొరుకుతుంది? అయిదేళ్ల పిల్లవాడు సగం దూరం తానే నడిచి వస్తాడు, కబుర్లు చెబుతాడు, బొమ్మ గీసి కింద ‘నాన్న’ అని రాసి ఇస్తాడు. వాణ్ణి ముద్దు చేయడానికి తండ్రే కానక్కరలేదు.

కాలం దాటడం మనకు కొత్త కాదని నాతో పనిచేసే ఒక అక్క వాదిస్తూ ఉంటుంది. శకుంతల కూడా కొడుకు సింహాలతో ఆడుకునే వయసు వచ్చాకనే రాజు దగ్గరికి వెళ్లింది కదా అంటుంది. మాట నిజమే. అయితే నన్నయ భారతంలో ఆ కథ ఏళ్లు దాటినా తండ్రి ముందు మాత్రం ఆగుతుంది. ఆమె నిండు సభలో నిలబడుతుంది, అతడు నువ్వెవరో నాకు తెలియదంటాడు, ఆమె వంద బావుల కంటె, వంద యాగాల కంటె, వందమంది కొడుకుల కంటె ఒక సత్యవాక్యం మేలని వాదిస్తుంది. ఆకాశవాణి పలికాక, అంతా తెలిసే లోకానికి భయపడి అలా అన్నానని అతడు ఒప్పుకుంటాడు. ఇష్టంలేని తండ్రి పిరికితనం అంత తేటగా కనిపించిన చోటు మన సాహిత్యంలో మరొకటి నాకు తెలియదు. కాళిదాసు దుర్వాసుడి శాపం పెట్టి రాజును కాపాడాడు, ఏడో అంకంలో, నేల మీద పడ్డాక ఆ బిడ్డా తల్లిదండ్రులూ తప్ప ఇంకెవరు తీసినా పామై కరిచే రక్ష ఒకటి బిడ్డ చేతికి కట్టి, ఇప్పటి డీఎన్‌ఏ పరీక్ష చేసే పని దానిచేత చేయించాడు. మన ధారావాహికలన్నీ కాళిదాసు దారినే పట్టాయి. ప్రమాదంలో గతం మరిచిపోయే నాయకుడు ఆ శాపానికి వారసుడే.

ఇక ఈ సమీక్ష రాయడానికి అసలు కారణమైన ధారావాహిక సంగతి. దాని పేరు గాని, అది వచ్చే యాప్ పేరు గాని చెప్పను. కాకినాడలో విద్యుత్ శాఖలో పనిచేసే కుర్రాడు, ట్యూషన్లు చెప్పే అమ్మాయి, విడిపోయాక తెలిసిన గర్భం. ఆమె వచ్చి చెప్పినప్పుడు అతడు అరవడు, డబ్బు కవరు తీయడు, సినిమాలో లాగా గోడను గుద్దడు. “ఇప్పుడు నేనేం చెయ్యాలి?” అని అడుగుతాడు, ఆమె “నాకు మాత్రం ఏం తెలుసు?” అంటుంది. ఆ రెండు మాటల దగ్గరే నేను ఆ రచయిత్రికి దాసురాలినయ్యాను. బిడ్డ 34వ వారంలో, కిలోన్నర పైచిలుకు బరువుతో పుడుతుంది. తల్లికి జ్వరం. నర్సు వచ్చి, బిడ్డను కంగారూ పద్ధతిలో ఛాతీకి ఆనించుకుని కూర్చోవడానికి ఎవరున్నారని అడుగుతుంది. అమ్మాయి తరఫు వాళ్లంతా అతడి వైపు చూస్తారు, అతడు తలుపు వైపు చూస్తాడు.

ఆ భాగమంతా ఒక్క గంటలో నడుస్తుంది. అతడు వేసుకున్నది టీ షర్టు, బొత్తాలు లేవు, కనుక కాబోయే అత్తగారో కాదో తేలని ఆవిడ ఎదుట పూర్తిగా విప్పవలసి వస్తుంది. బిడ్డకు టోపీ, కాళ్లకు మేజోళ్లు, నడుముకు పొత్తిగుడ్డ తప్ప మరేమీ ఉండవు, నర్సు బిడ్డను నిలువుగా, కప్ప కాళ్ల మాదిరిగా ముడిచి, మెడ ఒక పక్కకు తిప్పి, ఛాతీ మీద పెట్టి కట్టు బిగిస్తుంది. కనీసం గంట కదలకూడదంటుంది. అతడి ఫోను పక్క బల్ల మీద మోగుతుంది, చేయి అందదు. ఉక్కపోస్తుంది. బిడ్డ వేలు పట్టుకోదు, కళ్లు తెరవదు, పాలు కక్కుతుంది. అతడికి ప్రేమ కలగలేదని రచయిత్రి స్పష్టంగా రాసింది, బిడ్డ ఊపిరి ఆగినట్టు అనిపించినప్పుడల్లా లెక్కపెట్టుకోవడం మాత్రమే చేశాడట. గంట గడిచాక నర్సు వచ్చి తీసుకుంటానంటే, “ఇప్పుడే పడుకుంది కదా, ఉండనివ్వండి” అన్నాడు. వార్డులో ఇలాంటి తండ్రులను చూస్తూనే ఉంటాను. కొలంబియాలోని బొగోటాలో 1978లో ఇంక్యుబేటర్లు చాలక మొదలైన ఈ పద్ధతిని, నెలలు నిండని, బరువు తక్కువ పిల్లలకు రోజుకు 8 నుంచి 24 గంటల దాకా పాటించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. అన్ని గంటలు తల్లి ఒక్కతే చేయలేదు కనుక తండ్రిని పిలవక తప్పదు. మొదట తలుపు వైపు చూసిన మనిషే తరువాత సమయానికి ముందే వచ్చి కూర్చోవడం నేను ఎరుగుదును. అయితే దాన్ని ఒక ప్రేమకథలో, ఇంత తడబాటుతో సహా, చదవడం అదే మొదటిసారి.

తరువాతి భాగం తెరవాలంటే యాప్‌లో డబ్బుతో కొనుక్కునే నాణేలు కట్టాలి, కట్టాను. తెరిస్తే ఐదేళ్ల తరువాత! అతడు బెంగళూరులో కంపెనీ అధిపతి, ఆమె ఒంటరిగా బిడ్డను పెంచుతోంది, మధ్యలో ఎవరో బావ ఏదో ఉత్తరం దాచాడని ఒక్క వాక్యం ఉంది. ఛాతీ మీద బిడ్డను దింపనివ్వని ఆ మనిషి, మరుసటి భాగంలో ఆ బిడ్డను గుర్తుపట్టలేక, మోకాళ్ల మీద వంగి “నీ పేరేంటి?” అని అడుగుతున్నాడు. భాగం చివర రచయిత్రి ఒక మాట రాసింది. ఆసుపత్రి భాగాలు సాగదీతగా ఉన్నాయని, నాయికా నాయకులను త్వరగా ఎదురుపరచమని పాఠకులే అడిగారట. ఆమె మీద వచ్చిన కోపం అక్కడ సగం తగ్గింది, ఆ మిగతా పాఠకుల మీదికి మళ్లింది.

వాళ్లు ఎందుకు అలా అడిగారా అని ఆలోచిస్తే ఒక కారణం తోస్తుంది. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలనే మన ఆచారమే తండ్రులకు చిన్నపాటి కాలం దాటు. బాలింత మూడో నెలకో ఐదో నెలకో అత్తింటికి వస్తుంది, అప్పటిదాకా తండ్రి పండ్ల సంచితో ఆదివారం వచ్చిపోయే చుట్టం. ఆయన చేతికి బిడ్డ అందేసరికి ఏడుపు తగ్గి ఉంటుంది, నవ్వు వచ్చి ఉంటుంది. మొదటి ఆరు వారాలు మన ఇళ్లలో ఎప్పుడూ ఆడవాళ్ల కథే కనుక, అందులో మగవాణ్ణి కూర్చోబెడితే చదివేవారికి అది ప్రేమకథలా కాక ఆసుపత్రి కథలా కనిపించి ఉంటుంది.

గుమ్మం ముందు బిడ్డ దొరికే కథలు ఈ విషయంలో మెరుగని ఇదివరకు చాలామందికి చెప్పాను. ఒంటరి మగవాడు, బుట్టలో బిడ్డ, ఆ రాత్రికే పాలపొడి వెతుక్కోవడం: కాలం దాటడానికి అక్కడ వీలుండదు. ఆ మాట ఇప్పటికీ అంటాను గాని, కొంచెం తగ్గించి అంటాను. ఆ కథల్లో తల్లి చనిపోయి ఉంటుంది, లేదా పారిపోయి ఉంటుంది. మగవాడు నేర్చుకోవడానికి వీలుగా ఆమెను కథలోంచి తుడిచేస్తారు. పైగా అమెరికాలో 1999లో టెక్సాస్‌తో మొదలై, బిడ్డను శిక్ష భయం లేకుండా ఆసుపత్రిలోనో అగ్నిమాపక కేంద్రంలోనో అప్పగించే చట్టాలు వచ్చాయి కనుక, అక్కడి రచయితలు కొందరైనా కథలో వాటి ఊసెత్తుతారు. మన కథల్లో నాయకుడు దొరికిన బిడ్డను నేరుగా ఇంటికి తీసుకెళ్లి పేరు పెట్టేస్తాడు. ఇక్కడ 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం అలా దొరికిన బిడ్డ సంగతి 24 గంటల్లో పోలీసులకో, బాలల సహాయవాణి 1098కో, బాలల సంక్షేమ సమితికో తెలియజేయాలి. ఆ సమితి ముందు కూర్చుని, ఈ బిడ్డ నాకెందుకు కావాలో తడబడుతూ చెప్పే మగవాణ్ణి ఊహించుకోండి, ఎంత మంచి దృశ్యం చేజారుతోందో తెలుస్తుంది.

కొనవచ్చా, చదవవచ్చా అంటే నా జవాబు నా ఉద్యోగానికి కట్టుబడినది. రోజంతా పసిపిల్లల ఏడుపులో ఉండని వారికి, పడుకునే ముందు కాసేపు హాయిగా ఉంటే చాలనుకునే వారికి ఐదేళ్ల పిల్లవాడి కథలే బాగుంటాయి, వారిని తప్పుపట్టను. కొత్తగా తల్లయినవారు, ముఖ్యంగా పక్కన ఆదుకునే మనిషి లేనివారు, ఈ కథలను కొన్నాళ్లు పక్కన పెట్టడం మంచిదని నాకనిపిస్తుంది, ఎందుకంటే పోలిక చూసి కరిగే తండ్రుల కోసం ఎదురుచూడటం మొదలవుతుంది. నా మటుకు నేను ఇప్పుడు పూర్తయిన ధారావాహికలనే ఎంచుకుంటున్నాను, నాణేలు కట్టేముందు భాగాల పేర్ల జాబితా చూసుకుని, బిడ్డ పుట్టిన భాగానికీ బడికి వెళ్లే భాగానికీ మధ్య ఎంత దూరముందో లెక్క వేసుకుంటున్నాను. కాకినాడ కుర్రాడి కథ ఇంకా నడుస్తోంది, తిట్టుకుంటూనే చదువుతున్నాను. ఆ రచయిత్రి ఎప్పుడైనా వెనక్కి వెళ్లి, అతడు బిడ్డను దింపనన్న ఆ రాత్రికి మరుసటి రోజు ఏం జరిగిందో రాస్తే, దానికి రెట్టింపు నాణేలు కట్టడానికి సిద్ధంగా ఉన్నాను.