ప్రకటనల బెడదకు ఏది మేలు: డబ్బు కట్టడమా, బ్లాకరా, ఐడీ చెరిపేయడమా?

యూట్యూబ్ ప్రీమియం కట్టాలా, యాడ్ బ్లాకర్ పెట్టుకోవాలా, ఫోన్ సెట్టింగుల్లో ఏదైనా మార్చుకుంటే సరిపోతుందా? నెల్లూరులో తెలిసినవాళ్ల ఫోన్లన్నీ చూసిపెట్టే మనిషిగా పేరుపడ్డాక ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు. దాని వెంటే ఇంకొకటి: "ఏంది నా, మనం మాట్లాడేది ఫోను వింటా ఉందా?" వినాల్సిన పనే లేదు. మనం వెతికింది, చూసింది, తిరిగిన చోటు, వాడే యాప్‌లు, వీటన్నిటినీ కలిపి చూసేవాడికి మన మాటలతో అవసరమేముంది?

అడిగేవాళ్లు ఎక్కువమంది ప్రకటనలు ఎన్ని వస్తున్నాయన్నదే చూస్తారు. నేను మాత్రం ఆ ప్రకటనకు నా గురించి ఏం తెలుసు, ఏ సమయానికి నన్ను వెతుక్కుంటూ వచ్చింది అనేది చూస్తాను. ఇందుకూరుపేట వైపో అల్లూరు వైపో తెల్లమచ్చ తెగులు తగిలి రొయ్యల చెరువు పోయిన రైతు, రాత్రిపూట ఫోనులో అప్పు ఎక్కడ దొరుకుతుందా అని వెతుకుతాడు. తెల్లారేసరికి "అయిదు నిమిషాల్లో లోన్" అని ఫోను నిండా ప్రకటనలే. లోన్ యాప్‌లు మన కాంటాక్టులు, కాల్ లిస్టు జోలికి పోకూడదని రిజర్వ్ బ్యాంక్ 2022లోనే చెప్పింది. దొంగ యాప్‌లకు ఆ రూలుతో పనిలేదు. గర్భం నిలవని ఇంట్లో వారాల తరబడి డైపర్ల ప్రకటనలు రావడం కూడా ఇలాంటిదే. రోజుకు వంద సబ్బుల ప్రకటనలు చూసినా మనిషికి ఏం కాదు, ఇలాంటిది ఒక్కటి చాలు మనసు పాడుచేయడానికి.

అందుకే నా ఓటు ముందు పైసా ఖర్చులేని పనికి. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్, గూగుల్, యాడ్స్ వరకు వెళితే అడ్వర్టైజింగ్ ఐడీని డిలీట్ చేసే వీలుంటుంది. ఒక యాప్‌లో మనం చేసింది ఇంకో యాప్‌కు ముడిపెట్టడానికి వాడే నంబరు అది. తీసేస్తే యాప్‌లకు అక్కడ వట్టి సున్నాలే కనబడతాయి. ఐఫోన్‌లో అయితే 2021 ఏప్రిల్ నుంచి యాప్‌లు ఇలా వెంటాడే ముందు మనల్ని అడిగి తీరాలి. ట్రాకింగ్ అనే చోట ఆ అడగడాన్నే ఆపేయొచ్చు. తర్వాత గూగుల్ మై యాడ్ సెంటర్, మనకు ఎలాంటి ప్రకటనలు రావాలో చెప్పుకునే పేజీ. అందులో జూదం, మద్యం, డేటింగ్, బరువు తగ్గడం, గర్భం–పిల్లల పెంపకం, ఈ అయిదు రకాలనూ తగ్గించమని చెప్పొచ్చు. మొత్తానికి ఆగవు, తగ్గుతాయి. ఫేస్‌బుక్‌లోనూ బయటి సైట్లు, యాప్‌లు మన గురించి పంపే సమాచారాన్ని మన ఖాతా నుంచి విడదీసే సెట్టింగ్ ఉంది, కాకపోతే వెతుక్కోవాలి, బాగా లోపల దాచారు.

ఇవన్నీ చేసినా మూయలేని సందు ఒకటుంది. ట్రంకురోడ్డులో చీర కొన్నా చెప్పులు కొన్నా బిల్లు కౌంటర్‌లో "మొబైల్ నంబర్ చెప్పండి సార్" అంటారు. ఏ కొట్టయినా తన దగ్గరున్న నంబర్ల జాబితాను ఫేస్‌బుక్‌కో గూగుల్‌కో ఎక్కించి, ఆ నంబర్లతో ఖాతాలున్న వాళ్లకే ప్రకటన చూపించమని అడగొచ్చు. అది ఆ వ్యాపారంలో మామూలు పద్ధతే. ఫోనులో ఏ బ్లాకర్ పెట్టినా ఆ జాబితాలోంచి మన నంబరు పోదు. నంబరు చెప్పకపోయినా బిల్లు ఇస్తారు, అడిగి చూడండి.

ఇక డబ్బు కడితే ప్రకటనలు లేకుండా చూపించే యూట్యూబ్ ప్రీమియం. 2024లో పెంచాక ఒక్కరి ప్లాన్ నెలకు 149 రూపాయలు, అంటే ఏడాదికి 1,788. పాటలు పెట్టుకుని పనిచేసుకునేవాళ్లకు హాయి, కాదనను. కానీ మనం ఏం చూశామన్నది గూగుల్ రాసుకుంటూనే ఉంటుంది, డబ్బు కట్టినందుకు అదేమీ ఆగదు. దోమతెర కట్టుకున్నట్టే: కుట్టవు, గదిలోనే ఉంటాయి. నెల్లూరు వాళ్లకు ఇది వేరే చెప్పాలా!

ప్రైవేట్ డీఎన్‌ఎస్ నాకు రెండో ఇష్టం. సైటు పేరు ఇస్తే దాని అడ్రసు వెతికిపెట్టేది డీఎన్‌ఎస్, ఆ పని ఎవరికి అప్పగించాలో మనమే ఎంచుకునే సెట్టింగ్ ఇది. ఆండ్రాయిడ్ 9 నుంచి ప్రతి ఫోనులోనూ ఉంది. ప్రకటనల అడ్రసులు ఇవ్వని యాడ్‌గార్డ్ లాంటి వాళ్ల డీఎన్‌ఎస్ పేరు అక్కడ ఇస్తే, ఉచిత ఆటల్లోనూ యాప్‌లలోనూ వచ్చే ప్రకటనలు చాలావరకు తెరమీదికే రావు. "మీ ఫోన్‌లో వైరస్ ఉంది, ఇక్కడ నొక్కండి" అని భయపెట్టేవి తగ్గుతాయని మా అమ్మ ఫోనులో ఇదే పెట్టాను. చిక్కులు లేకపోలేదు. యూట్యూబ్ ప్రకటనలు దీనికి లొంగవు, వీడియో వచ్చే చోటినుంచే అవీ వస్తాయి గనక. లాడ్జీల్లో వైఫై లాగిన్ పేజీ ఒక్కోసారి తెరుచుకోదు. మనం ఏయే సైట్లకు వెళుతున్నామో ఆ డీఎన్‌ఎస్ వాళ్లకు తెలుస్తుంది కాబట్టి, ఎవరిని నమ్ముతున్నామో చూసుకుని పెట్టుకోవాలి.

తెలుగు వార్తల సైట్లు ఎక్కువగా చదివేవాళ్లు ఫైర్‌ఫాక్స్‌లో యూబ్లాక్ ఆరిజిన్ అనే బ్లాకర్ వేసుకోవచ్చు, లేదా బ్రేవ్ అనే బ్రౌజర్ పెట్టుకోవచ్చు. బ్రౌజర్ దాటితే అవి పనిచేయవు. ఇన్‌కాగ్నిటో సంగతి అడగొద్దు, అది ఇంట్లో వాళ్లనుంచి దాచుకోవడానికే.

నెల్లూరులో మలై కాజా అమ్ముకునేవాడి ప్రకటన నెల్లూరు వాళ్లకు చేరాలంటే మన చరిత్రంతా తవ్వక్కర్లేదు, ఊరు తెలిస్తే చాలు. సెట్టింగులు మార్చినా అలాంటివి వస్తూనే ఉంటాయి, రానివ్వండి.

పిల్లల సంగతి వేరు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వాళ్లను వెంటాడటాన్ని, వాళ్లకు గురిపెట్టి ప్రకటనలు వేయడాన్ని వద్దంటోంది. రూల్స్ 2025 నవంబరులో వచ్చాయి, అమలు విడతలవారీగా. చట్టంతో పనిలేకుండా గూగుల్ 18 నిండనివాళ్ల ఖాతాలకు వయసు, ఆసక్తులను బట్టి గురిపెట్టడం మానుకుంటానని 2021లోనే ప్రకటించింది. అయితే మన ఇళ్లలో పిల్లాడు ఆడుకునేది నాన్న ఖాతాలోనే, లేకపోతే పుట్టిన సంవత్సరం 1995 అని వేసి తెరిచిన ఖాతాలో. ఈ ఆదివారం మొట్టమొదట అది సరిచేయండి, 13 లోపు వాళ్లయితే పిల్లల ఖాతాను పెద్దవాళ్లు చూసుకునే గూగుల్ యాప్ ఫ్యామిలీ లింక్‌తో. ఐడీ సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.