పాత కారులో అరకు ప్రయాణం: డాష్‌బోర్డు చప్పుళ్లు, బసలు, మెకానిక్కులు

మా కారుకు పదహారేళ్లు నిండాయి. మొన్న డిసెంబరులో అమ్మను, నా భార్యను తీసుకుని విశాఖపట్నం నుంచి అరకు బయలుదేరినప్పుడు ఇంజను గురించి నాకు బెంగ లేదు. ఆరు నెలలుగా డాష్‌బోర్డు లోపలి నుంచి వస్తున్న మూడు రకాల చప్పుళ్లే నా దిగులు. ఘాట్ మధ్యలో అవి ముదిరితే అమ్మ కంగారుపడుతుందన్నది ఒకటి, ఏది ప్రమాదమో ఏది కాదో నాకే తెలియకపోవడం మరొకటి.

ప్రయాణానికి వారం ముందు నగరంలోని ఒక సర్వీసు కేంద్రంలో చూపించాను. డాష్‌బోర్డు మొత్తం విప్పితే గాని చెప్పలేమని, పన్నెండు వేలు అవుతుందని అన్నారు. ఏళ్ల తరబడి ఎండకు పెళుసెక్కిన ప్లాస్టిక్‌ను విప్పితే క్లిప్పులు విరిగి, ఉన్న చప్పుళ్లకు కొత్తవి తోడవుతాయని నేను ఒప్పుకోలేదు. అయితే బ్రేకుల విషయంలో వారు చూపిన శ్రద్ధను మెచ్చుకోవాలి. ఇంజను ఆపి, పెడల్ గట్టిపడేదాకా నాలుగైదు సార్లు తొక్కి, కాలు అలాగే ఉంచి స్టార్ట్ చేస్తే పెడల్ కొద్దిగా కిందికి దిగాలి. ఆ పరీక్ష నా ఎదుటే చేసి చూపించారు. బ్రేకు తొక్కినప్పుడల్లా పెడల్ వెనక నుంచి ‘స్‌స్’ మని గాలి చప్పుడు వస్తూ పెడల్ గట్టిగా మారితే మాత్రం ఎవరూ ఘాట్ ఎక్కకూడదు. ఏసీ ఆపాక లోపల కాసేపు వినిపించే సన్నని బుస మాత్రం గ్యాస్ సర్దుకునే చప్పుడే కనుక దానికి భయపడనక్కరలేదు.

విశాఖ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. ఎస్.కోట దాటి బొడ్డవర దగ్గర ఘాట్ మొదలయ్యేదాకా రోడ్డు రొదలో ఏమీ తేలలేదు. మొదటి రాత్రి అనంతగిరిలో పర్యాటక సంస్థ వారి హరిత అతిథిగృహంలో దిగాము. భోజనంలో ఎంచుకోవడానికి పెద్దగా ఏమీ లేదు గాని, గది ముందే కారు నిలుపుకునే వీలు, తెల్లవారుజామున అక్కడ ఉండే నిశ్శబ్దం నాకు ఎంతో మేలు చేశాయి. ఉదయం ఆరింటికి మంచులో, ఇంజను స్టార్ట్ చేయకుండా తాళం ‘ఆన్’ దాకా తిప్పి బ్లోయరు (లోపలికి గాలిని విసిరే ఫ్యాను) మాత్రమే వేశాను. ‘టకటక’ వినిపించింది. వేగం ఒకటి నుంచి నాలుగుకు పెంచితే చప్పుడూ అంతే త్వరగా కొట్టుకుంది. అంటే ఇంజనుకూ చక్రాలకూ దీనితో సంబంధం లేదు, దోషం బ్లోయరులోనే ఉంది. గ్లవ్ బాక్సు కింద మూడు స్క్రూలు విప్పి ఫ్యానును బయటికి తీస్తే, రెక్కల సందుల్లో వేపాకు ఈనెలు దట్టంగా ఇరుక్కుని ఉన్నాయి. వాటిలో ఒకటి వంగి బయటికి పొడుచుకొచ్చి, ఫ్యాను తిరిగిన ప్రతిసారీ దాని గూడు గోడకు తగులుతోంది. కారు ఇంటి దగ్గర వేపచెట్టు కింద ఉంటుంది, ఈ మోడల్‌కు లోపలికి వచ్చే గాలిని వడకట్టే క్యాబిన్ ఫిల్టరు లేదు.

రెండో చప్పుడును ఘాట్ మలుపులే పట్టిచ్చాయి. ఎడమ మలుపు తిరిగితే డాష్‌బోర్డు లోపల ఏదో కుడివైపు దొర్లి చివర ‘టిక్’ మనేది, కుడి మలుపులో ఎడమకు దొర్లేది. గాలికొండ వ్యూపాయింటు దగ్గర వారాంతపు రద్దీలో కారు నిలపడానికి చోటు దొరకడమే కష్టం కనుక అక్కడ ఎక్కువసేపు ఆగలేదు. అరకులో జీపులు బాగుచేసే ఒక మెకానిక్ నా పక్కన కూర్చుని రెండు మలుపులు విని, “సార్, ఇది వదులైన చప్పుడు కాదండి, లోపల ఏదో పడి దొర్లుతోంది” అన్నాడు. చలికి ప్లాస్టిక్ విరుగుతుందని మధ్యాహ్నం దాకా బండిని ఎండలో ఉంచమన్నాడు. అద్దం కింది గాలి జాలీని, గుడ్డ చుట్టిన స్క్రూడ్రైవరుతో నెమ్మదిగా లేపి, అయస్కాంతం ఉన్న కడ్డీని లోపలికి దించాడు. కడ్డీకి అంటుకుని నల్లటి స్క్రూ ఒకటి వచ్చింది. ఏళ్ల క్రితం పాటల స్టీరియో బిగించినప్పుడు జారిపోయినది అది. మూడు వందలు తీసుకున్నాడు. అతడి ఓర్పుకు అది తక్కువే.

అరకులో దిగిన ప్రైవేటు లాడ్జిలో వేడినీళ్లు గంటసేపే వచ్చాయి. కారును రోడ్డు వాలులోనే ఉంచమన్నారు, రాత్రి పొద్దుపోయేదాకా పాటల హోరు. పాత బండితో వెళ్లేవారు ముందే ఫోన్ చేసి, ఆవరణలో చదునైన చోటు ఉందో లేదో అడగాలి. 1942లో సైనికులకు కూరగాయలు పండించడానికి నెలకొల్పిన పద్మాపురం తోటలో అమ్మ రెండు గంటలు హాయిగా గడిపింది.

మూడోది సన్నని ‘జుయ్’. ఆగి ఉన్న కారును న్యూట్రల్‌లో ఉంచి ఇంజను వేగం పెంచినా వస్తోంది కనుక కారణం రోడ్డు కుదుపు కాదు, ఇంజను కంపనం. నేను వేగం పట్టి ఉంచితే నా భార్య అరచేత్తో ఒక్కొక్క చోట నొక్కుతూ వెళ్లింది. ఎడమ చివరి గాలి రంధ్రం చట్రం మీద చెయ్యి పడగానే ఆగింది, తీయగానే మళ్లీ మొదలైంది. చప్పుడు రాకుండా సందుల్లో అంటించే మెత్తని ఫెల్ట్ టేపు అరకులో దొరకలేదు. విశాఖలో కొని తెచ్చాను, వచ్చే ఆదివారం ఎండెక్కాక ఆ చట్రం తీసి అంటిస్తాను.