మోర్మన్ గ్రంథం కథకు ఏ నేల నప్పుతుంది: మెక్సికోనా, ఒహాయోనా?

క్రీ.పూ. 600 ప్రాంతంలో లీహై అనే ఆయన కుటుంబంతో జెరూసలేం వదిలి, అరేబియా ఎడారి దాటి, ఓడెక్కి అమెరికా చేరాడు. ఆయన సంతతి నీఫైయులు, లామానీయులుగా చీలిపోయి శతాబ్దాలపాటు కొట్టుకున్నారు. క్రీ.శ. 385 ప్రాంతంలో కుమోరా కొండ దగ్గర నీఫైయులు తుడిచిపెట్టుకుపోయారు. 1830లో న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ అచ్చు వేయించిన మోర్మన్ గ్రంథం చెప్పేది క్లుప్తంగా ఇదే. ఆయన స్థాపించిన మోర్మన్ చర్చికి హైదరాబాద్‌లోనూ సభ్యులున్నారు. నమ్మేవాళ్లలో ఎక్కువమందికి ఇది జరిగిన చరిత్ర. జరిగితే ఎక్కడ జరిగిందన్నదే పేచీ.

మొదట్లో రెండు అమెరికా ఖండాలూ కథాస్థలమే అనుకున్నారు. కానీ గ్రంథంలో ప్రయాణాలన్నీ రోజుల లెక్కలో ఉంటాయి, అంత పెద్ద నేలకు అవి చాలవు. ఇప్పుడు గట్టిగా వాదించుకునేది రెండు వర్గాలే.

ఒకటి మధ్య అమెరికా వాదం. మోర్మన్ మానవశాస్త్రవేత్త జాన్ సోరెన్సన్ 1985లో దీనికో రూపం ఇచ్చాడు. గ్రంథం చెప్పే నగరాలు, సిమెంటు ఇళ్లు, రాత, పెద్ద జనాభా ఆ కాలంలో ఉన్నవి దక్షిణ మెక్సికో, గ్వాటెమాలాల్లోనే. ఇది నిజంగా బలమైన పాయింటు. చిక్కు కూడా ఆ రాతతోనే వచ్చింది. అక్కడి ప్రాచీన మాయా ప్రజల లిపిని ఇప్పుడు చదవగలుగుతున్నారు. రాజుల పేర్లు, యుద్ధాలు, తేదీలు బోలెడు దొరికాయి, నీఫైయుల ఊసు మాత్రం ఎక్కడా లేదు. పైగా గ్రంథంలోని 'సన్నని మెడ' లాంటి నేల ఒకటిన్నర రోజుల నడక. వీళ్లు చూపించే తెహువాంటెపెక్ భూసంధి సుమారు 200 కిలోమీటర్ల వెడల్పు. దానికి అటూ ఇటూ ఉన్న నేలలు నిజానికి తూర్పు పడమరలు, గ్రంథంలోనేమో ఉత్తర దక్షిణాలు. దిక్కుల్ని తిప్పితే తప్ప పటం కుదరదు. మోర్మన్లు కుమోరాగా చెప్పుకుంటూ వచ్చిన న్యూయార్క్ కొండను పక్కనపెట్టి మెక్సికోలో ఇంకో కుమోరాను వెతుక్కోవాలి.

రెండోది ఒహాయో చుట్టుపక్కల ప్రాంతాన్ని చూపించే 'హార్ట్‌లాండ్' వాదం. ఇక్కడ కుమోరా ఉన్నచోటే ఉంటుంది. మట్టి దిబ్బలు కట్టిన హోప్‌వెల్ సంస్కృతి కూడా సుమారు క్రీ.పూ. 100 నుంచి క్రీ.శ. 500 దాకా నడిచింది, కాలం కొంత కలుస్తుంది. అంతకుమించి కలిసేది తక్కువ. వాళ్లకు లిపి లేదు. రాగిని కరిగించి పోత పోయలేదు, సుత్తితో కొట్టి సాగదీశారు. కుమోరాలో 2,30,000 మంది నీఫైయులు చనిపోయారని గ్రంథం అంటుంది. ఆ కొండ దగ్గర అంతటి యుద్ధానికి ఆనవాలే లేదు.

గ్రంథంలో కనిపించే గుర్రాలు, ఉక్కు, గోధుమలు, రథాలు రెండు వర్గాలకూ తలనొప్పే. అమెరికాలో గుర్రాలు దాదాపు 10,000 ఏళ్ల కిందటే అంతరించాయి, మళ్లీ తెచ్చింది స్పానిష్ వాళ్లు. గుర్రమంటే టేపిర్ (పందిలా కనిపించే అడవి జంతువు) కావచ్చన్న వివరణ వింటే నాకు నవ్వొస్తుంది. బార్లీ సంగతి వేరు. అక్కడి స్థానిక రకం బార్లీని సాగు చేశారని తవ్వకాల్లో తేలింది, ఆ మార్కు ఇవ్వాల్సిందే.

ఆనవాళ్లు దొరకలేదంటే జరగలేదనేనా అని అడుగుతారు. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో 1960లో బయటపడిన వైకింగుల మకాం చూడండి. కొద్దిమంది, కొద్దికాలమే ఉన్నారు. అయినా ఇనుప మేకులు, కంచు పిన్ను, కదురు బిళ్ల వదిలి వెళ్లారు. వాళ్లు చెట్లు నరికింది 1021లో అని 2021లో శాస్త్రవేత్తలు తేల్చారు. లక్షల మంది వందల ఏళ్లు బతికిన చోట అంతైనా దొరకాలి కదా?

రెండింట్లో ఒకటే ఎంచుకోమంటే నేను మధ్య అమెరికాకే ఓటేస్తాను, కనీసం అక్కడ నగరాలున్నాయి. అయితే గ్రంథాన్ని సమర్థించేవాళ్ల దగ్గరున్న మంచి ఆధారం అమెరికాలోదే కాదు, యెమెన్‌లోది. లీహై బృందంలో ఒకరిని 'నాహోమ్' అనే చోట పూడ్చారని గ్రంథం చెబుతుంది. మారిబ్ దగ్గరి గుడిలో దొరికిన క్రీ.పూ. 7–6 శతాబ్దాల బలిపీఠాల మీద 'న్‌హ్‌మ్' తెగ పేరుంది. ఆ లిపిలో అచ్చులు రాయరు. కొట్టిపారేయలేం. కాకపోతే ఆ పేరు 18వ శతాబ్దపు యూరప్ పటాల్లోనూ ఉంది, అంటే స్మిత్ కాలానికే అది అచ్చులో ఉంది.

థామస్ ఫెర్గూసన్ అనే మోర్మన్ లాయరు నీఫైయుల్ని తవ్వి తీయాలనే 1952లో ఒక పురావస్తు సంస్థ పెట్టాడు. చర్చి డబ్బిచ్చింది. దక్షిణ మెక్సికోలోని చియాపాస్‌లో ఏళ్లతరబడి తవ్వారు. ఆశించింది దొరక్క ఆయన లోలోపల నమ్మకం పోగొట్టుకున్నాడు. ఆ సంస్థ తవ్వకాలు మాత్రం చియాపాస్ అసలు చరిత్రకు ఇప్పటికీ పనికొస్తున్నాయి.