మహానంది కోనేటి ఆశ, రెయిన్‌బో నదిలో గంటసేపు

మాది నంద్యాల. 2022 దాకా కర్నూలు జిల్లానే, ఇప్పుడు వేరే జిల్లా అయింది. నడుముకు బెండ్లు కట్టుకుని కేసీ కాలువలో ఈత నేర్చుకున్నా. వానాకాలంలో ఆ నీళ్లలో కళ్లు తెరిస్తే మన చెయ్యి మనకే కనపడదు. అదే మహానంది పోతే, అయిదడుగుల కోనేట్లో నాన్న భుజం పట్టుకుని కిందికి చూస్తే అడుగున పడిన నాణెం మీద బొమ్మ కూడా తెలిసేది. అట్లాంటి ఊటనీళ్లు కోనేట్లో ఆగకుండా నదిలా పారితే, దాంట్లో మునిగి కొట్టుకుపోతే ఎట్లుంటుందో అన్న ఆశ నలభై దాటినా పోలేదు.

మా చెల్లెలు ఫ్లోరిడాలో, టాంపాలో ఉంటుంది. ఆమె దగ్గరికి వెళ్దామనుకున్నప్పుడే కర్నూల్లో కూర్చుని ఆరునెలల ముందు నుంచి దీనికి ప్లాన్ మొదలుపెట్టా. నేను అనుకున్నది డ్రిఫ్ట్ డైవ్. వీపున గాలి సిలిండర్ కట్టుకుని మునిగే స్కూబాలో అదొక రకం, పెద్ద సాహసం ఏం కాదు. బోటు మనల్ని ఎగువకు తీసుకెళ్లి దింపుతుంది, ప్రవాహం మోసుకొస్తుంటే నీళ్ల కింద తేలుతూ వస్తాం. కాళ్లతో తన్నుకునే పని చాలా తక్కువ.

మూడు చోట్లు చూసుకున్నా. విల్లిస్టన్ దగ్గర డెవిల్స్ డెన్ ఉంది, లోతు 54 అడుగులు. కానీ అది నేల కుంగి ఏర్పడిన గుంత, నది కాదు. జిన్నీ స్ప్రింగ్స్‌కు నీళ్లకింది గుహల్లో దూరేవాళ్లు ఎక్కువ వస్తారు. అక్కడ చాలాచోట్ల గుహ డైవింగ్ సర్టిఫికెట్ లేనివాళ్లను టార్చి తీసుకెళ్లనివ్వరు, వెలుగుందని లోపలికి పోతారేమోనని. ఆ రూల్ చదివాక నాకు గౌరవం, భయం రెండూ కలిగాయి. మూడోది డన్నెలన్ ఊరి రెయిన్‌బో నది. ఊటల దగ్గర పుట్టి తొమ్మిది కిలోమీటర్లు పారి విత్లకూచీ నదిలో కలుస్తుంది. ఏడాది పొడవునా నీళ్లు 22 డిగ్రీలే. నా ఆశకు సరిపోయేది ఇదొక్కటే.

బెలుం గుహల్లో పాతాళగంగ దగ్గర నిలబడినవాళ్లకు ఈ నది వెంటనే అర్థమవుతుంది. అక్కడ నీళ్లు సున్నపురాయి సందుల్లోకి దిగి మాయమవుతాయి. ఫ్లోరిడా అడుగున కూడా సున్నపురాయే. వాననీళ్లు దాంట్లోకి ఇంకి, వడకట్టుకుని, ఊటలుగా పైకి వస్తాయి. అందుకే అంత తేట.

స్కూబా నేర్చుకున్నట్టు సర్టిఫికెట్ కోసం పాండిచ్చేరి వెళ్లా. వైజాగ్ రుషికొండలో కూడా నేర్పుతారు, కానీ కర్నూలు నుంచి నాకు పాండిచ్చేరే దగ్గర. 200 మీటర్ల ఈత, పది నిమిషాలు ఏ ఆధారం లేకుండా తేలడం, సముద్రంలో నాలుగు డైవ్‌లు. కాలువ ఈత వచ్చినవాళ్లకు ఇది కష్టం కాదు. బోటులో వాంతులే నన్ను ఇబ్బంది పెట్టాయి. నేర్పినాయన మాత్రం చాలా ఓపికమంతుడు. ఇంకో సంగతి, మామూలు ట్రావెల్ ఇన్సూరెన్స్ చాలావాటిలో స్కూబా కలవదు. పాలసీ కాగితం చదివి విడిగా తీసుకోండి.

బసకు టాంపాలో చెల్లెలి ఇల్లే ఉంది, కానీ నదికి గంటన్నర పైనే ప్రయాణం. ఒకాలాలో పెద్ద హోటళ్లున్నాయి, అక్కడి నుంచి 40 కిలోమీటర్లు. నేను డన్నెలన్‌లోనే చిన్న మోటెల్లో దిగా. గది పాతది, ఏసీ రాత్రంతా మోత. అయినా మళ్లీ వెళ్తే అక్కడే దిగుతా, ఎందుకంటే పొద్దున్నే అందరికంటే ముందు నీళ్లలో ఉండొచ్చు. డైవింగ్ బోటు కేపీ హోల్ అనే కౌంటీ పార్కు నుంచి బయల్దేరుతుంది. వేసవిలో శని, ఆదివారాలు ట్యూబుల మీద తేలేవాళ్లతో అది నిండిపోతే గేటు మూసేస్తారు. మామూలు రోజే పెట్టుకోండి. వాడి పారేసే సీసాలు, కవర్లు నది మీదికి తేనివ్వరు. స్టీలు సీసాలో నీళ్లు తీసుకెళ్లా. చెల్లెలు కట్టిచ్చిన పులిహోర క్యారియర్ ఒడ్డున కారులోనే పెట్టా.

"అన్నా, మొసళ్లుంటాయంట కదా" అని చెల్లెలికి ఒకటే టెన్షన్. ఎలిగేటర్లు ఫ్లోరిడా మంచినీళ్లలో ఎక్కడైనా ఉండొచ్చు, ఆ మాట దాచను. నాకైతే కనపడలేదు. అక్కడ నిజంగా జాగ్రత్త పడాల్సింది మీద తిరిగే బోట్లతో. ఎర్రజెండా మీద తెల్ల ఏటవాలు చార ఉన్న గుర్తు తెప్పకు కట్టుకుని మనతో లాక్కెళ్లాలి, అది చట్టం. నదిలో ఆ జెండాకు వంద అడుగుల లోపలే ఉండాలి. తాడు మాత్రం ఒంటికి కట్టుకోవద్దు, చేత్తో పట్టుకోండి. దేనికైనా తగులుకుంటే వదిలేయొచ్చు.

ఇక నాకు జరిగిన పొరపాటు. పరికరాలు అద్దెకిచ్చిన షాపులో నా ఎత్తు, బరువు అడిగారు గానీ ఇంతకుముందు ఎక్కడ డైవ్ చేశావని అడగలేదు. తేలకుండా మునగడానికి నడుముకు సీసపు దిమ్మలు కడతారు. సముద్రంలో కట్టుకున్నంత సీసమే కట్టారు. ఉప్పునీళ్లు మంచినీళ్లకంటే దాదాపు రెండున్నర శాతం బరువు, అందుకే వాటిలో ఎక్కువ తేలుతాం. మనం, సామాను కలిసి వంద కిలోలు ఉంటే నదిలో రెండున్నర కిలోల సీసం తగ్గించాలి. చలికి ఒంటికి బిగుతుగా తొడుక్కునే రబ్బరు సూటు మందం మారితే లెక్క కొంచెం మారుతుంది. ఈ లెక్క నాకు తెలుసు, నోట్‌బుక్‌లో రాసుకున్నా కూడా. వాళ్లకు అలవాటే కదా అని ఊరుకున్నా.

దిగగానే రాయిలా అడుక్కి పోయా. పచ్చటి రిబ్బన్లలాంటి గడ్డిలో మోకాళ్లు దిగబడ్డాయి. బురద పొగలా లేచింది, అద్దం ముందు ఏమీ కనపడలేదు. అన్నేళ్లు కోరుకున్న నీళ్లను మొదటి నిమిషంలోనే నా మోకాళ్లతో మురికి చేశానే అని ప్రాణం ఉసూరుమంది. పైకి తేలి రెండు సీసపు దిమ్మలు బోటులోకి ఇచ్చేశా. మీరు ఇట్లా చెయ్యొద్దు. అన్నీ తొడుక్కున్నాక, తేలడానికి గాలి నింపుకునే జాకెట్లో ఆ గాలి తీసేసి, మామూలుగా ఊపిరి పట్టి ఒడ్డు దగ్గరే కాళ్లు అడుగుకు ఆనని చోట నిటారుగా ఉండండి. నీటి అంచు కళ్ల మట్టానికి రావాలి. మెడ దాకా పైకి తేలితే సీసం చాలదు, తల మునిగిపోతే ఎక్కువైంది.

ఆ తర్వాత గంట సేపు... మూడు నుంచి ఆరు మీటర్ల లోతులో, మనిషి నిదానంగా నడిచినంత వేగంతో నది నన్ను తీసుకుపోయింది. తక్కువ లోతు కాబట్టి సిలిండర్లో గాలి చాలాసేపు వస్తుంది. గడ్డంతా ఒకే వైపుకు, దువ్విన జుట్టులా వాలి ఉంది. ఒకచోట తెల్లటి ఇసుక అన్నం కుతకుత ఉడికినట్టు కదులుతోంది. ఊట! అరచెయ్యి పైన పెట్టా. అడుగునుంచి చల్లటి నీళ్లు వేళ్ల సందుల్లోంచి చిన్నగా తోస్తున్నాయి, ఇసుక రేణువులు గోళ్లకు తగిలి జారిపోతున్నాయి. పక్కనే ఒక తాబేలు గడ్డి కొరుకుతూ నన్ను చూసి కూడా ఆపలేదు. పొడుగు ముక్కు గార్ చేప ఒకటి కర్రలా కదలకుండా నిలబడింది. నాతో పాటు మునిగినాయన వేలు చూపించేదాకా అది చేప అని నాకు తెలియలేదు.

చివరి పది నిమిషాలు వణికా. 22 డిగ్రీలు వినడానికి హాయే గానీ గంటకు ఎముకల్లోకి దిగుతుంది. అయిదు మిల్లీమీటర్ల సూటు, తలకు టోపీ రెండూ అడగండి. తిరుగు విమానానికి ముందు ఒక రోజు పూర్తిగా ఖాళీ ఉంచుకున్నా. ఒకటి కంటే ఎక్కువ డైవ్‌లు చేస్తే కనీసం 18 గంటలు ఆగి విమానం ఎక్కమంటారు.

మొన్న మా ఆఫీసులో ఒక తమ్ముడు తానూ వెళ్తానన్నాడు. ఆదివారం ఇద్దరం మహానంది పోయాం. కోనేట్లో నిలబడి, ఊపిరి పీల్చినప్పుడు ఒళ్లు ఎంత పైకి లేస్తుందో, వదిలితే ఎంత దిగుతుందో చూసుకోమన్నా. పది నిమిషాలు మాట్లాడకుండా అదే చేశాడు. గట్టు మీదికొచ్చాక నా నోట్‌బుక్ అడిగి, సీసం లెక్క ఉన్న పేజీ ఫోన్లో ఫొటో తీసుకున్నాడు.