మొదటి ఫైబర్ బోటు, ఇంజను: ఆరేళ్ల వాడకం తర్వాత

భీమిలి దగ్గర గోస్తనీ మొగలో కట్టుకుంటూ, తీరానికి దగ్గరలోనే గాలం వేటకూ చిన్న వలకూ ఆరేళ్లుగా నేను వాడుతున్నది 22 అడుగుల ఫైబర్ బోటు, దానికి 9.9 హార్స్‌పవర్ రెండు స్ట్రోకుల పెట్రోలు ఇంజను. ముగ్గురం, వల, ఐసు పెట్టె ఎక్కినా ఈ ఇంజను చాలింది; ఎదురుగాలిలో నెమ్మదిస్తుంది, అంతే.

కొనేవారంతా ముందు ఇంజను శక్తి ఎంతని అడుగుతారు. నా అనుభవంలో ముందు తేల్చుకోవలసింది, రాత్రి బోటు ఎక్కడ ఉంటుందన్న విషయం. ఏటి మొగలోనో జెట్టీలోనో నీటి మీద ఉండే బోటుకు, నాదానిలా వెనుక పలకకు బయట బిగించే ఔట్‌బోర్డు ఇంజను సుఖం. రోజూ కెరటాలు దాటి ఇసుక మీదికి లాగే బోటుకైతే, పొడవాటి కడ్డీ చివర పంకా ఉండే డీజిల్ లాంగ్‌టెయిల్ నయం. లోతు తగ్గగానే కడ్డీని పైకెత్తవచ్చు, మరమ్మతూ తేలిక. మోత, అదురు మాత్రం ఎక్కువ.

నా పెద్ద పొరపాటు కొలతలో జరిగింది. నా బోటు వెనుక పలక ఎత్తు 20 అంగుళాలు కాగా, ఇంజను నుంచి పంకా దాకా కిందికి దిగే షాఫ్టు 15 అంగుళాలుంటే సరిపోతుందన్న దుకాణం వారి మాట విని ఆ ఇంజనే తెచ్చాను. బోటు కెరటం మీదికి ఎక్కినప్పుడల్లా పంకా గాలిలో తిరిగి ఇంజను గోల పెట్టేది, దాన్ని చల్లబరిచే నీరు అందేది కాదు. నెల తిరగకముందే నష్టానికి అమ్మి, 20 అంగుళాల షాఫ్టు ఉన్నది కొన్నాను. పంకా పైనుండే అడ్డరేకు బోటు అడుగుతో సమంగానో, ఒక అంగుళం కిందనో ఉండాలి. దయచేసి టేపు పట్టి మీరే కొలుచుకోండి.

వేట నుంచి వచ్చాక డ్రమ్ములో మంచినీళ్లు పోసి, అందులో ఇంజనును పది నిమిషాలు నడపడం నేను ఏనాడూ మానలేదు. రెండో ఏడాది ఇంజను పక్కనుంచి చిమ్మే నీటిధార సన్నబడితే ఇంజనును చల్లబరిచే నీటి పంపులోని రబ్బరు రెక్కలు మార్పించాను. అప్పటినుంచి ఏటా మార్పిస్తున్నాను. మూడో ఏడాది గేర్ ఆయిలు పాలలా తెల్లగా వచ్చింది. పంకా వెనుక చుట్టుకున్న నైలాన్ దారం సీలును కోసేయడంతో ఉప్పునీరు లోపలికి చేరిందని విప్పి చూస్తే తెలిసింది. దారం పడిందని అనుమానం వస్తే ఆ రోజే పంకా విప్పి చూడాలి. పంకా పిన్నులు, స్పార్కు ప్లగ్గులు, రెండు తెడ్లు, మనిషికొక లైఫ్ జాకెట్ లేకుండా నేను మొగ దాటను.

పాత బోటు చూసేవారు పైరంగు చూసి మురిసిపోవద్దు. ఇంజను బిగించే పలక లోపల చెక్క ఉంటుంది; బోల్టు రంధ్రాల గుండా నీరు దిగితే అది పైకి కనబడకుండానే కుళ్లుతుంది. చిన్న సుత్తితో తట్టినప్పుడు గట్టి శబ్దం రాకుండా మందంగా పలికిన బోటు కొనవద్దు. కొత్తది చేయించుకునేవారు అడుగు వెన్ను వెంట ఫైబర్ పొరలు అదనంగా వేయించుకోవాలి, ఇసుక రాపిడి అక్కడే తింటుంది.

మళ్లీ కొన్నా ఇదే పొడవు, ఇదే శక్తి ఎంచుకుంటాను. పెద్ద మరమ్మతులన్నీ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, వేట నిషేధం ఉండే 61 రోజుల్లోనే చేయిస్తాను. నా పలక కూడా కుడివైపు బోల్టు దగ్గర ఈ మధ్య మందంగా పలుకుతోంది. వచ్చే నిషేధంలో విప్పించి కొత్త చెక్క వేయించాలి.