డెట్రాయిట్ స్లీపింగ్ బ్యాగ్ కోటు: 150 డాలర్లు పెట్టొచ్చా?

ముందే చెప్పేస్తాను, ఈ కోటు మాల్‌లో దొరకదు, మనం కొనుక్కుని వేసుకునేదీ కాదు. ఎంపవర్‌మెంట్ ప్లాన్ అని అమెరికాలో, మా మిషిగన్ రాష్ట్రంలోని డెట్రాయిట్‌లో ఒక స్వచ్ఛంద సంస్థ ఉంది. వాళ్ళు కుట్టే ఈ కోటును ఇల్లు లేనివాళ్ళకు ఉచితంగా ఇస్తారు. ఒక కోటు ఖర్చు మనం భరించాలంటే 150 డాలర్లు కట్టాలి. డబ్బు మనది, వేసుకునేది వేరేవాళ్ళు. మరి దీనికి రివ్యూ ఏంటంటారా? క్రిస్మస్ ముందు మా తెలుగు చర్చి ఫెలోషిప్‌లో చలిబట్టలు పోగుచేసే పని నా నెత్తిన పడింది. ఈ కోటుకు డబ్బు పంపాలా, ఎప్పట్లాగే పాత బట్టలు పోగెయ్యాలా అని డిసెంబర్ వచ్చేసరికి వాట్సాప్ గ్రూప్‌లో రభస. పైగా నేను కారు విడిభాగాల కంపెనీలో క్వాలిటీ చూసే ఇంజనీర్‌ని. కుట్టు, జిప్పు, లోపలి పొర కనబడితే తడిమి చూడకుండా నా చెయ్యి ఊరుకోదు.

ఆఫీసు వాళ్ళతో కలిసి వెళ్ళినప్పుడు కోటును చేత్తో పట్టుకుని చూశాను. వాళ్ళ వర్క్‌షాప్ డెట్రాయిట్ తూర్పు వైపు కెర్చెవల్ ఎవెన్యూలో ఉంది. కోటు చూడ్డానికి మామూలు పొడవాటి చలికోటులాగే ఉంటుంది. కింది భాగం మడత విప్పితే కాళ్ళు పెట్టుకునే సంచి బయటికొస్తుంది, అప్పుడదే స్లీపింగ్ బ్యాగ్. చలి లేనప్పుడు మడిచేసి సంచిలా భుజానికి తగిలించుకోవచ్చు. పై గుడ్డ నీళ్ళనీ గాలినీ చాలావరకు ఆపుతుంది.

లోపలి పొర సంగతి వినగానే నాకు నవ్వొచ్చింది. కార్లలో బయటి చప్పుడు లోపలికి రాకుండా వేసే ఇన్సులేషన్ మిగిలిపోతే, జనరల్ మోటార్స్ దాన్ని ఈ కోట్ల కోసం ఇచ్చింది. మా పనిలో రోజూ చూసే సరుకు, ఒంటి మీద వేసుకోవచ్చని నాకెప్పుడూ తట్టలేదు. ఆలోచిస్తే ఇందులో వింతేమీ లేదు. చప్పుడుకైనా చలికైనా, సన్నటి పోగుల మధ్య చిక్కుకున్న గాలే అడ్డు పడుతుంది. ఇది సింథటిక్ కాబట్టి తడిసినా ఎంతో కొంత పనిచేస్తుంది. మనం మురిసిపోయి కొనుక్కునే బాతు ఈకల కోటు అలా కాదు. ఒకసారి బాగా తడిసిందంటే ఈకలు ముద్దకట్టి వెచ్చదనమంతా పోతుంది. డెట్రాయిట్‌లో మంచు కంటే ప్రమాదకరం, సగం కరిగి బట్టల్లోకి ఇంకే మంచు. ఊరికే చల్లగా ఉన్నదాని కంటే, తడిసి చల్లగా ఉన్నది మనిషిని తొందరగా చంపుతుంది.

ఇంజనీర్‌గా ఒక మాట చెప్పాలి. ఏ స్లీపింగ్ బ్యాగ్ అయినా మనం పడుకున్న వైపు బరువుకి నొక్కుకుపోతుంది, అందులో గాలి మిగలదు. సిమెంటు నేల ఒంట్లో వేడిని అటు నుంచే లాగేస్తుంది. కాబట్టి ఈ కోటు ఉన్నా కింద అట్టముక్కలైనా, ఫోమ్ మ్యాటైనా పరుచుకోక తప్పదు. కోటు ఇచ్చేశాం, ఇక రాత్రంతా హాయిగా పడుకుంటారు అనుకోకండి. ఇక్కడ జనవరి రాత్రుల సగటు సెల్సియస్ లెక్కలో సుమారు సున్నాకి ఏడు డిగ్రీలు కిందే. 2019 జనవరి చివర్లో పోలార్ వోర్టెక్స్ (ఉత్తర ధ్రువం వైపు నుంచి దిగే గడ్డకట్టే చలిగాలి) వచ్చినప్పుడు ఫారెన్‌హీట్ లెక్కలో కూడా సున్నా కిందికి, అంటే సెల్సియస్‌లో దాదాపు మైనస్ 18 కిందికి దిగిపోయింది. అలాంటి రాత్రి ఏ కోటూ చాలదు, మనిషి నాలుగు గోడల మధ్య ఉండాల్సిందే.

అయినా దీన్ని నేను మెచ్చుకునేది వెచ్చదనం చూసి కాదు, విడిగా మోసుకు తిరిగే బరువు లేకపోవడం చూసి. మనం దుప్పట్లు ఇస్తాం, కంఫర్టర్లు ఇస్తాం, చాలా మంచిపని చేశామనుకుంటాం. తెల్లారాక దాన్ని ఎక్కడ పెట్టుకోవాలి? ఇల్లు లేని మనిషికి అల్మారా కూడా ఉండదు కదా. క్వీన్ సైజు కంఫర్టర్ చంకలో పెట్టుకుని బస్సెక్కలేరు, ఉద్యోగం అడగడానికి వెళ్ళలేరు. ఎక్కడో పొదలో దాచి వెళ్తే సాయంత్రానికి ఎవరో తీసుకుపోతారు, లేదా చెత్తబండి ఎత్తుకుపోతుంది. ఈ కోటుతో పడక ఒంటి మీదే ఉంటుంది, ఎవరూ పారేయలేరు. ఇది డిజైన్ చేసినవాళ్ళు కచ్చితంగా వీధిలో ఉండేవాళ్ళను అడిగి చేశారని కోటు చూస్తేనే తెలుస్తుంది.

నిజంగానే అడిగి చేశారు. వెరోనికా స్కాట్ అనే అమ్మాయి డెట్రాయిట్‌లోని కాలేజ్ ఫర్ క్రియేటివ్ స్టడీస్‌లో చదువుతున్నప్పుడు క్లాసు ప్రాజెక్టుగా ఇది మొదలుపెట్టింది. నెలల తరబడి షెల్టర్‌కి, అంటే ఇల్లు లేనివాళ్ళు తలదాచుకునే చోటికి వెళ్ళి, అక్కడివాళ్ళకు నమూనాలు చూపించి మార్చుకుంటూ వచ్చింది. అప్పుడు ఒకావిడ ఆమె మీద అరిచిందట, మాకు కావాల్సింది కోట్లు కాదు, ఉద్యోగాలు అని. ఆ మాటకి వేరేవాళ్ళైతే ఏడ్చి ఇంటికి పోయేవారేమో. ఈ అమ్మాయి మాత్రం 2012లో సంస్థ పెట్టి, షెల్టర్లలో ఉన్నవాళ్ళనే కోట్లు కుట్టే ఉద్యోగాల్లోకి తీసుకుంది. పనివేళల్లో దాదాపు 60 శాతం కుట్టుపని, మిగతా 40 శాతం హైస్కూల్ సర్టిఫికెట్ చదువు, డబ్బు లెక్కలు, ఇల్లు వెతుక్కోవడం లాంటివి. ఆ సమయానికీ జీతం ఇస్తారు. ఊళ్ళోవాళ్ళందరికీ తెలిసిన కార్‌హార్ట్ లాంటి పనిబట్టల కంపెనీ కూడా మొదట్లో చేయి వేసింది.

కాబట్టి ఆ 150 డాలర్లు గుడ్డకీ దారానికీ మాత్రమే కాదు, కూలికి కూడా. మా గ్రూప్‌లో ఒక బ్రదర్ ఏటా ఇదే లెక్క తీస్తారు: ఆ డబ్బుతో డిస్కౌంట్ షాపులో నాలుగు చలికోట్లు వస్తాయి కదా సిస్టర్, నలుగురికి ఇవ్వొచ్చు కదా అని. లెక్క తప్పు కాదు. కానీ ఆ నాలుగు కోట్లు ఏ దేశంలోనో కుట్టినవి, ఈ ఒక్క కోటు మొన్నటిదాకా షెల్టర్‌లో పడుకున్న ఒక తల్లి కుట్టింది. కోటు వేసుకున్నవాళ్ళ సంగతి పక్కన పెట్టినా, కుట్టిన మనిషికి ఆ నెల అద్దె కట్టే దారి దొరికింది. నా ఓటు దీనికే. బ్రదర్ గారు ఇంకా ఒప్పుకోలేదు.

ఇక మనవాళ్ళ బట్టల సేకరణ సంగతి. ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే కోటు గొప్పదనం దీని పక్కన పెడితేనే అర్థమవుతుంది.

మన ఇళ్ళలో చలికోట్లు గుట్టలుగా ఉండటానికి ఒక కారణం అమ్మానాన్నలు. అక్టోబర్‌లో వస్తారు, ఎయిర్‌పోర్ట్ నుంచి ఇంటికి కూడా చేరకముందే కాస్ట్‌కోలో కోటు కొంటాం. ఆరు నెలలయ్యాక వెళ్ళిపోతారు, కోటు క్లాజెట్‌లో మిగిలిపోతుంది. ఆవకాయ, అప్పడాలు పెట్టె నిండా తెచ్చినవాళ్ళు కోటు మాత్రం, తెనాల్లో ఎక్కడ వేసుకోవాలే, అని వదిలేస్తారు. కొత్తగా ఉంటాయి, వెచ్చగా ఉంటాయి, కానీ సైజు స్మాల్, మీడియం. షెల్టర్ వాళ్ళు అడిగేది మగవాళ్ళ ఎక్స్ఎల్, డబుల్ ఎక్స్ఎల్. మా డబ్బాల్లో పడేవి తొంభై పాళ్ళు ఆడవాళ్ళవి, పిల్లలవి. పిల్లల కోట్లకు ఒక్క సీజన్‌లో పొట్టయిపోయే గుణం ఉంది కాబట్టి అవి తప్పకుండా వస్తాయి. వాటిని స్కూళ్ళకు పంపడం మేలు, అక్కడ సోషల్ వర్కర్లకు ఏ పిల్లకి కోటు లేదో తెలుస్తుంది.

రెండోది పోపు వాసన. నవ్వకండి. అపార్ట్‌మెంట్లలో వంటిల్లూ కోట్లు తగిలించే క్లాజెట్టూ పక్కపక్కనే ఉంటాయి. ఇంగువ, వెల్లుల్లి, చేపల పులుసు అన్నీ ఆ కోటులో స్థిరనివాసం ఏర్పరచుకుంటాయి. మన ముక్కుకి అలవాటై తెలియదు. ఇవ్వబోయే ముందు ఉతకండి. బాతు ఈకల కోటైతే తక్కువ వేడి మీద డ్రైయర్‌లో రెండు మూడు టెన్నిస్ బంతులు వేసి ఆరబెట్టండి, లేకపోతే ఈకలు ఉండలు కట్టి కోటు ఎందుకూ పనికిరాదు. జిప్పు పాడైన కోటు దయచేసి పంపకండి. మైనస్ డిగ్రీల్లో జిప్పు పడని కోటు వేసుకున్నా ఒకటే, మానినా ఒకటే.

జేబులు కూడా చూడండి. కారు తాళాలు, విబూది పొట్లం, భారతీయ కరెన్సీ, ఒకసారైతే ఎవరి పాస్‌పోర్టో దొరికింది. చీరలు పంపేవాళ్ళకు ఒక దండం. ఉన్ని శాలువాలు పర్లేదు, పట్టుచీరలు డెట్రాయిట్ షెల్టర్‌లో ఏం చేసుకుంటారు?

మా అమ్మ అయితే అసలు ఈ సేకరణే ఒప్పుకోదు. మా వైపు క్రిస్మస్ అంటే కొత్త బట్టలు. అప్పు చేసైనా సరే, ఇంట్లో ప్రతి ఒక్కరికీ కొత్త జత ఉండాలి. చర్చిలో విధవరాళ్ళకు చీరలు పంచినా కొత్తవే పంచుతారు, పైన పేపరు బిళ్ళ ఊడకుండా. వీడియో కాల్‌లో డబ్బాలు చూసి, "పండగ పూట విడిచిన బట్టలు ఎవరైనా ఇస్తారంటే? వాళ్ళు మనుషులు కాదా?" అని కోప్పడింది. ఇక్కడ పాత కోటు ఇవ్వడం తప్పు కాదమ్మా, కడిగి శుభ్రంగా ఇస్తున్నాం అని నేను చెప్పేది చెప్పాను. కానీ ఆమె మాటలో న్యాయం ఉంది. ఈ స్లీపింగ్ బ్యాగ్ కోటు గురించి చెప్తే మాత్రం, "అదీ, అది ఇవ్వు" అంది. వేసుకునే మనిషి కోసమే కొత్తగా కుట్టిన బట్ట కాబట్టి.

అలాగని పాత కోట్లు ఆపేయమని నేను చెప్పను. షెల్టర్‌లో మంచం దొరికి, పగలు ఉద్యోగం వెతుక్కుంటున్న మనిషికి కాళ్ళ సంచి ఉన్న కోటు అవసరం లేదు. ఇంటర్వ్యూకి వెళ్ళడానికి నల్లటి ఉన్ని కోటు కావాలి. అలాంటిది మీ క్లాజెట్‌లో ఉంటే అది 150 డాలర్ల కంటే విలువైనది. స్లీపింగ్ బ్యాగ్ కోటు షెల్టర్ దాకా రాలేనివాళ్ళకు, వచ్చినా చోటు దొరకనివాళ్ళకు, లోపల ఉండలేక బయటే ఉంటామనేవాళ్ళకు. ఇద్దరి అవసరాలు వేరు. అందుకే 5కి 4 ఇస్తున్నాను. ఆ మిగిలిన ఒకటి నేల చలి దగ్గర పోయింది, దానికి వాళ్ళనేమీ అనలేం.

డబ్బు పంపేవాళ్ళకు ఒక ఉపాయం. మన ఐటీ, ఆటో కంపెనీల్లో చాలావాటికి విరాళం మ్యాచింగ్ ఉంటుంది. ఆఫీసు పోర్టల్‌లో చూడండి, మీ 150కి కంపెనీ ఇంకో 150 కలిపితే రెండు చలికోట్లు. పాత బట్టలకు ఏ కంపెనీ మ్యాచింగ్ ఇవ్వదు. బట్టలే ఇస్తాననేవాళ్ళు గ్యాస్ స్టేషన్ పక్కన నిలబెట్టిన డబ్బాల్లో వేసే ముందు దాని మీద ఏం రాసుందో చదవండి. కొన్ని వ్యాపార కంపెనీలవి. అందులో వేసిన బట్టలు బరువు లెక్కన అమ్ముడుపోతాయి, ఎవరి ఒంటి మీదకీ నేరుగా పోవు. షెల్టర్‌కి ఫోన్ చేసి, ఇప్పుడు మీకేం కావాలి అని అడిగి తీసుకెళ్ళడం అన్నిటికంటే మంచిది. ఎప్పుడడిగినా వినిపించే జవాబు కొత్త సాక్సులు, కొత్త లోదుస్తులు, చేతి గ్లౌజులు. ఈ మూడూ పాతవి ఎవరూ ఇవ్వరు, కొత్తవి కొనాలని ఎవరికీ గుర్తురాదు.

టైమింగ్ ఇంకో సమస్య. సెమీ క్రిస్మస్‌లు (పండక్కి ముందే జరిపే వేడుకలు) మొదలైనప్పటి నుంచి డిసెంబర్ 25 దాకా షెల్టర్ల స్టోర్ రూములు నిండిపోతాయి. న్యూ ఇయర్ కేక్ తినగానే అందరం మర్చిపోతాం. అసలు చలి జనవరి, ఫిబ్రవరిల్లో. మార్చిలో కూడా మిషిగన్‌ని నమ్మలేం. అందుకని ఈసారి మా ఫెలోషిప్ డబ్బాలు ఫిబ్రవరి చివరిదాకా ఉంచుతున్నాం, పాస్టర్ గారు కూడా సరేనన్నారు. స్లీపింగ్ బ్యాగ్ కోటు కోసం పోగేసే డబ్బు వేరే, బట్టల డబ్బా వేరే. మగవాళ్ళ స్నో బూట్లు 11, 12 సైజువి ఎవరి దగ్గరైనా ఉంటే ముందే నాకు మెసేజ్ పెట్టండి, మన తెలుగు మగవాళ్ళలో అంత పాదాలున్నవాళ్ళు నాకింకా కనబడలేదు.